పట్టేసిన నట్టు

తుప్పు, వేడి లేదా అతి బిగింపు వల్ల బోల్టు మరలకు అంటుకుపోయి, మామూలు బలానికి తిరగని నట్టును పట్టేసిన నట్టు అంటారు. కార్లలో సైలెన్సర్ గొట్టం, సస్పెన్షన్, చక్రాల దగ్గర ఇవి ఎక్కువ. ఇనుము తుప్పుగా మారితే ఘనపరిమాణం పెరిగి మరల మధ్య సందు పూడుకుపోతుంది. ఉప్పుగాలి తగిలే విశాఖపట్నం వంటి తీర నగరాల్లో తుప్పు త్వరగా పడుతుంది.

విప్పే ముందు మరలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, సందుల్లోకి ఇంకే నూనె పట్టించి కొన్ని గంటలు వదిలేస్తారు. ఇందుకు విరివిగా వాడే డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో రూపొందించారు. దాని తొలి ఉద్దేశం నట్లు విప్పడం కాదు, అట్లాస్ క్షిపణికి తుప్పు పట్టకుండా చూడడం. ఆరు మూలల సాకెట్ నట్టును గట్టిగా పట్టుకుంటుంది. పన్నెండు మూలలదానితో నట్టు అంచులు అరిగే ప్రమాదం ఎక్కువ. ఒక్కసారిగా లాగడం కంటే కాస్త బిగించి, కాస్త వదులు చేస్తూ పోవడమే మేలైన పద్ధతి.

నూనెకు లొంగనిదానికి వేడి చూపిస్తారు. 12 మి.మీ. ఉక్కు వ్యాసం 200 డిగ్రీల సెల్సియస్ పెరుగుదలకు సుమారు 0.03 మి.మీ. వ్యాకోచిస్తుంది, తుప్పు పొర పగలడానికి తరచు ఇది చాలు. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాల దగ్గర మంట వాడకూడదు. అప్పటికీ కదలకపోతే నట్టును చీల్చి కొత్తది బిగిస్తారు.