రేపు ఎన్ని అంగుళాలు?

జనవరి రాగానే మా న్యూజెర్సీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెళ్లిళ్లు, వీసాలు, రాజకీయాలు అన్నీ పక్కకు జరిగి ఒక్క ప్రశ్న మిగులుతుంది: స్నో ఎంత పడుతుంది? మూడు అంగుళాలైతే పిల్లల బడి రెండు గంటలు ఆలస్యం. పన్నెండైతే సెలవు, కారు బయటికి తీయలేం, వాకిట్లో పార పట్టాలి. ఈ జవాబు కోసం ఐదారు రోజుల ముందు నుంచే కాచుకుని కూర్చునేవాళ్లు ఇక్కడ వేలల్లో ఉన్నారు. వాతావరణం వాళ్ల ఉద్యోగం కాదు. ప్లంబర్లు, టీచర్లు, రిటైరైనవాళ్లు, హైస్కూలు పిల్లలు. రాత్రి పదిన్నర ప్రాంతంలో వాతావరణాన్ని లెక్కగట్టే అమెరికన్ కంప్యూటర్ మోడల్ కొత్త లెక్క రావడం మొదలవుతుంది. అది చూసి, ఒంటిగంట దాకా మేలుకుని యూరోపియన్ మోడల్ ఏమంటుందో చూస్తారు. రెండూ చెరో మాట చెప్పాయా, ఆ రాత్రి నిద్ర లేనట్టే.

ఈ దేశాన్ని కట్టినవాళ్లకూ ఈ అలవాటు ఉండేది. 1772 జనవరి ఆఖర్లో వర్జీనియాలో సుమారు మూడడుగుల మంచు పడింది. ఆ సంగతి జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్‌లోనూ, థామస్ జెఫర్సన్ మాంటిసెల్లోలోనూ ఎవరికి వారు రాసిపెట్టుకున్నారు. అప్పటికి దేశమే పుట్టలేదు. జెఫర్సన్ కొత్తగా పెళ్లి చేసుకుని భార్యను ఇంటికి తీసుకొస్తూ ఆ మంచులోనే చిక్కారు. 1776 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించిన రోజున కూడా ఆయన థర్మామీటర్ చూసి అంకె రాసుకున్నారు. వాషింగ్టన్ డైరీలో ఆఖరి రోజు 1799 డిసెంబరు 13. అక్కడా ఉన్నవి మూడంగుళాల మంచు, ఈశాన్యపు గాలి, థర్మామీటర్ లెక్క. మర్నాడు ఆయన కన్నుమూశారు.

పడింది రాసుకోవడం వేరు, పడబోయేది చెప్పడం వేరు. 1870లో ప్రభుత్వం వాతావరణ సేవను మొదలుపెట్టి సైన్యంలోని సిగ్నల్ సర్వీసుకు అప్పగించింది. ఊరూరి గాలి, వేడి, పీడనం లెక్కలు టెలిగ్రాఫ్ మీద రాజధానికి చేరేవి; అక్కడ పటం గీసి రేపటి సంగతి చెప్పేవారు. 1888 మార్చి 10, శనివారం. ఆదివారం వాన, సోమవారం చలిగాలి, తేట ఆకాశం అని సూచన వెలువడింది. ఆదివారం వాన కురిసింది. అర్ధరాత్రి దాటాక అది మంచుగా మారింది. తెల్లారేసరికి న్యూయార్క్ వీధుల్లో ఎదుటి మనిషి కనబడని పరిస్థితి. అయినా జనం పనికి బయల్దేరారు. ఎత్తైన పట్టాల మీద రైళ్లు ఆగిపోయి దాదాపు 15 వేల మంది గాల్లో చిక్కుకున్నారు. టెలిగ్రాఫ్ తీగలు తెగి ఆ మహానగరానికి బయటి లోకంతో మాట లేకుండా పోయింది. అక్కడ పడింది 21 అంగుళాలే, కానీ ఈదురుగాలికి అది ఇళ్ల గోడల మీదికి గుట్టలుగా ఎక్కింది. తూర్పు తీరంలో మొత్తం 400 మందికి పైగా పోయారు, వాళ్లలో సగం మంది ఆ ఒక్క నగరంలోనే. తర్వాత తీగలు భూమిలోకి దిగాయి. భూగర్భ రైలు కావాలన్న మాటకు బలం వచ్చి, 1904లో న్యూయార్క్ సబ్‌వే నడిచింది.

ఆనాటి సూచనలో నన్ను ఇప్పటికీ కలచివేసేది ఒకటుంది. అది ఒకే ఒక్క వాక్యం. ఆ మాట తప్పితే ఏమవుతుందో చెప్పే రెండో వాక్యం లేదు.

రెండేళ్లకు, 1890లో, వాతావరణ సేవను సైన్యం నుంచి తప్పించి వ్యవసాయ శాఖ కిందికి తెస్తూ చట్టం చేశారు. జీతం లేకుండా రోజూ కొలతలు పంపే పౌరుల వ్యవస్థ కూడా అప్పుడే రూపు కట్టింది. ఈనాటికీ అందులో ఎనిమిది వేలకు పైగా చోట్ల కొలుస్తున్నారు. ఇదికాక, 1997 నాటి ఫోర్ట్ కాలిన్స్ వరద తర్వాత కొలరాడోలో మరో స్వచ్ఛంద వ్యవస్థ పుట్టి దేశమంతా పాకింది. మా వీధి చివర ఉండే రిటైర్డ్ టీచర్ అందులో సభ్యుడు. ఆయన పెరట్లో తెల్ల రంగు వేసిన చదరపు ప్లైవుడ్ చెక్క ఒకటి ఉంటుంది. మంచు పడేటప్పుడు ఆరు గంటలకొకసారి వెళ్లి స్కేలు నిలువుగా దించి, అంగుళంలో పదోవంతు దాకా చదివి, చెక్క తుడిచి, కొత్త మంచు మీద మళ్లీ పరుస్తాడు. అంతకన్నా తరచుగా తుడిస్తే లెక్క పెరిగిపోతుంది, ఎందుకంటే మంచు దాని బరువుకు అదే అణుగుతుంది. తర్వాత వానకొలత గొట్టంలో పడిన మంచును కరిగించి నీళ్లు కొలుస్తాడు. మామూలుగా పది అంగుళాల మంచుకు ఒక అంగుళం నీళ్లంటారు గానీ, తడి మంచుకు, పొడి మంచుకు ఆ లెక్క చాలా మారుతుంది. టీవీలో పెద్ద తెర మీద కనబడే అంకెల వెనక ఇలాంటి చలిచేతులు ఉన్నాయని నాకు ఆయన్ను చూశాకే అర్థమైంది.

కంప్యూటర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1950లో ఎనియాక్ యంత్రం మీద మొదటి లెక్కలు కట్టినప్పుడు, 24 గంటల సూచన తేలడానికి దాదాపు 24 గంటలే పట్టింది. 1960ల మొదట్లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్ లెక్కలో 0.506127 బదులు 0.506 వేస్తే, కాసేపటికి ఆ లెక్కలోని వాతావరణం పూర్తిగా వేరే దారి పట్టింది. అంటే మొదటి కొలతలో చిన్న తేడా ఉన్నా సూచన తారుమారవుతుంది. మన తుపాను పుట్టేది తరచు పసిఫిక్ మీద ఎక్కడో, బెలూన్లు సరిగా కొలవని చోట. తీరా ఇక్కడికి వచ్చాక వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బోస్టన్‌లను కలిపే ఇంటర్‌స్టేట్ 95 దగ్గరే తరచు వానకూ మంచుకూ మధ్య గీత పడుతుంది. తుపాను అరవై మైళ్లు జరిగితే చాలు, కోట్ల మంది జాతకం మారుతుంది.

1979 ఫిబ్రవరిలో రాజధానికి కొద్దిపాటి మంచే అనుకున్నారు, అడుగున్నర పడింది. వాతావరణ శాస్త్రవేత్తలు లూయిస్ ఉచెలీనీ, పాల్ కోసిన్ దాన్ని ఏళ్ల తరబడి శోధించారు. 1993 మార్చి మహా తుపానును ఐదు రోజుల ముందే పట్టుకున్నారు. మంచు పడకముందే కొన్ని రాష్ట్రాలు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. అయినా రెండు వందల మందికి పైగా చనిపోయారు.

2015 జనవరిలో న్యూయార్క్‌కు 20 నుంచి 30 అంగుళాలన్నారు. మంచు కారణంగా సబ్‌వేను చరిత్రలో మొదటిసారి మూశారు. తుపాను తూర్పుకు జరిగింది. సెంట్రల్ పార్క్‌లో 9.8 అంగుళాలు, మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో 34.5. నగరంలో జనం మండిపడ్డారు. అప్పుడు జాతీయ వాతావరణ సేవ అధిపతి మరెవరో కాదు, ఆ ఉచెలీనీయే. అనిశ్చితిని జనానికి ఇంకా బాగా చెప్పాలని ఆయన బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ మాట చెప్పడం ఓటమి కాదనీ, 1888లో లేని రెండో వాక్యం అదేననీ నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మాకు మూడు పటాలు కనబడతాయి. పడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఎంత, తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత. చివరి దానిలోని లెక్క దాటడానికి పదింట ఒక వంతు అవకాశం. మొన్నామధ్య మా మిత్రుడి తల్లి బందరు నుంచి వచ్చి ఉన్నారు. దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. "రేవులో ఒకటో నంబరు, పదో నంబరు అని ఎగరేసేవాళ్లు నాయనా, ఈ పది శాతం ఏమిటి? వస్తుందా, రాదా?" అని అడిగారు. "రాకపోవచ్చు అత్తయ్యగారూ. వస్తే మాత్రం పాలు, మందులు ఇంట్లో ఉండాలి" అన్నాను. "అయితే తెప్పించు మరి" అన్నారు. అంతకు మించి ఆమెకు వివరించాల్సిన పని పడలేదు.

అందుకే కోస్తాలో ఉన్నవాళ్లకు నా విన్నపం. ఈసారి బంగాళాఖాతంలో తుపాను పుట్టినప్పుడు పటంలో మధ్య గీత ఒక్కటే చూసి మా ఊరికి కాదులే అనుకోకండి. దాని చుట్టూ విచ్చుకున్న ప్రాంతమంతా చూడండి. మీ ఊరు దాని అంచులో ఉన్నా సర్దుకోండి. డాబా ఉన్నవాళ్లు ఒక వానకొలత గొట్టం పెట్టి, పిల్లల చేత రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు నోటుబుక్కులో రాయించండి. మన వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతాన్ని లెక్కగట్టేదీ ఆ వేళకే.