కార్ల్: రైతు పేరు, రాజు పేరు

రండిరా, ఇంకాస్త ముందుకు జరగండి. ఆ కొబ్బరిమట్ట ఇటివ్వు నాన్నా, మంట తగ్గుతోంది. మధ్యాహ్నం చిన్నది అడిగింది కదా, జర్మనీలో వాళ్ల క్లాసులో ఇద్దరు కార్ల్‌లు ఉన్నారట, అదేం పేరు తాతయ్యా, ఏ దేవుడి పేరు అని. అన్నాల వేళ చెప్పేస్తే తేలిపోయే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు వినండి. ఆ దేశంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను విన్నవీ చదివినవీ కళ్లారా చూసినవీ చెబుతాను.

అది దేవుడి పేరు కాదమ్మలూ. మనిషి పేరు. పాత జర్మన్‌లో కార్ల్ అంటే మనిషి, మగవాడు, ఇంటాయన. ఉత్తరాన నార్వే, ఐస్‌లాండ్ వాళ్ల పాత భాషలో ఇంకొంచెం గట్టిగా, ఒకరికి బానిస కాని రైతు అని. ఐస్‌లాండ్ వాళ్ల పాత పాట ఒకటుంది, పేరు రీగ్స్‌థులా. అందులో హైమ్‌డాల్ అనే దేవుడు రీగ్ అనే మారుపేరుతో బాటసారిలా ఊళ్లు తిరుగుతాడు. మూడిళ్లలో అతిథిగా ఉంటాడు. మొదటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు థ్రాల్, అంటే బానిస. మూడో ఇంట్లో పుట్టినవాడు యార్ల్, అంటే దొర. నడిమి ఇంట్లో పుట్టినవాడు మన కార్ల్.

ఆ నడిమి ఇంటి సంగతి చెప్పాలి మీకు. దేవుడు గడప దాటి లోపలికి వచ్చేసరికి ఇంటాయన మగ్గానికి దూలం చెక్కుతున్నాడు. ఇంటావిడ నూలు వడుకుతోంది. ఆవిడ పేరు అమ్మ! నవ్వకండి, నిజమే. మన అమ్మకూ ఆ అమ్మకూ చుట్టరికం లేదు, వాళ్ల పాత భాషలో అమ్మ అంటే నాయనమ్మ. ఆవిడ కడుపున ఎర్రటి బుగ్గలతో, చురుకైన కళ్లతో కార్ల్ పుట్టాడు. పెరిగి పెద్దవాడై ఏం చేశాడు? ఎడ్లను మాలిమి చేశాడు, నాగళ్లు చేశాడు, ఇళ్లు కట్టాడు, కొట్టాలు లేపాడు, బండ్లు కట్టాడు, దుక్కి దున్నాడు. ఈ పేరుకున్న అసలు బలమంతా ఇక్కడే ఉంది. మిగతా కథంతా దీనిమీద కట్టినదే.

మరి రైతు పేరు రాజుల ఇంటికి ఎలా వెళ్లింది? ఆ రోజుల్లో ఇప్పటి ఫ్రాన్సు, జర్మనీ ప్రాంతాలను ఏలిన ఫ్రాంకుల దొరలు డాగోబెర్ట్, హిల్డెబెర్ట్ అంటూ రెండు మాటలు అతికించి పెద్ద పెద్ద పేర్లు పెట్టుకునేవాళ్లు. యుద్ధం, కీర్తి, తేజస్సు, అన్నీ అందులో ఉండాలి. అలాంటి కాలంలో ఒక దొర కొడుక్కి ఒక్క ముక్క పేరు, ఉత్త కార్ల్ అని పడింది. 714లో తండ్రి పోతే సవతి తల్లి ఆ కుర్రవాణ్ణి ఖైదులో పెట్టించింది. తప్పించుకున్నాడు, సైన్యం కూడగట్టాడు, గెలిచాడు. 732లో ఫ్రాన్సులో పోయితియే దగ్గర జరిగిన పెద్ద యుద్ధం ఆయనదే. తర్వాతివాళ్లు ఆయన పేరుకు మార్తెల్ అని చేర్చారు, అంటే సుత్తి. సింహాసనం మాత్రం ఎక్కలేదు. కొడుకు పెపిన్ ఎక్కాడు. ఆ పెపిన్ తన కొడుక్కి తండ్రి పేరు పెట్టుకున్నాడు. మనం తాత పేరు మనవడికి పెట్టుకోమూ, అదే ఆచారం.

ఆ మనవడే షార్లమాన్, మహా కార్ల్. 768లో రాజయ్యాడు. 800 సంవత్సరం క్రిస్మస్ రోజున రోములో పోప్ మూడో లియో ఆయన తలమీద చక్రవర్తి కిరీటం పెట్టాడు. ఎంత ఏలినా ఆయనకు రాత సరిగ్గా రాలేదురా. దగ్గరుండి చూసిన ఐన్‌హార్డ్ రాశాడు: తలగడ కింద పలకలు పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా అక్షరాలు దిద్దేవాడట, కానీ పెద్ద వయసులో మొదలుపెట్టడంతో చెయ్యి తిరగలేదట. అయినా బడులు పెట్టించాడు. మఠాల్లో పుస్తకాలు అందంగా, అందరూ చదవగలిగేలా ఎత్తి రాయించాడు. ఇవాళ మీరు ఇంగ్లీషు పుస్తకంలో చూసే చిన్న అక్షరాల రూపు ఆ రాతలోంచి వచ్చిందే.

జర్మనీలోని ఆఖెన్‌లో ఆయన కట్టించిన గుడికి వెళ్లాను నేను. మేడమీద సింహాసనం ఉంది. బంగారం, రత్నాలు ఉంటాయనుకుంటాం కదా? లేవు. నాలుగు పాలరాతి పలకలు, కంచు పట్టీలతో బిగించి ఉన్నాయి, ఎక్కడానికి రాతి మెట్లు, అంతే. వంగి పక్కపలక చూస్తే దానిమీద సన్నగా గీతలు, చదరంలో చదరం, అందులో ఇంకో చదరం. మన అరుగులమీద గీసుకుని ఆడే దాడి ఆట! ఆ పలక సింహాసనంలోకి రాకముందే ఎవరో ఆడుకోవడానికి గీసుకున్నారని అక్కడివాళ్లు అంటారు. ముప్పై మంది దాకా జర్మన్ రాజులు ఆ రాతిమీద కూర్చున్నారు.

814లో షార్లమాన్ పోయాడు. పేరు మాత్రం పొరుగువాళ్ల నోట్లో రాజు అనే మాటగా మిగిలిపోయింది. రాజుని చెక్‌లు క్రాల్ అంటారు, పోలిష్‌వాళ్లు క్రూల్ అంటారు, రష్యన్లు కరోల్ అంటారు, హంగేరీవాళ్లు కిరాయ్ అంటారు. అవన్నీ కార్ల్ పేరే. దుక్కి దున్నినవాడి పేరు సగం యూరప్‌కు రాజు అయి కూర్చుంది.

ఇక రాజులు ఊరుకుంటారా! ఫ్రాన్సులో షార్ల్, స్పెయిన్‌లో కార్లోస్, ఇటలీలో కార్లో, ఇంగ్లండులో చార్లెస్. ఆడపిల్లలకు కరోలిన్, షార్లెట్. స్వీడన్‌లో ఇప్పటి రాజు పదహారో కార్ల్ గుస్తావ్, 1973లో గద్దె ఎక్కాడు. ఆ లెక్కలో మొదటి ఆరుగురూ చరిత్రలో లేనివాళ్లు, పాత పుస్తకంలో ఒక పండితుడు కల్పించి రాసినవాళ్లు. ఇంగ్లండు చార్లెస్‌లలో ఒకాయన మనవాడయ్యాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, నిఘంటువు కట్టాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు గ్రంథాలయం ఉంది. ఆయన పేరులోనూ ఉన్నది ఈ కార్లే.

రాజుల తర్వాత ఈ పేరు మళ్లీ పనిచేసే చేతుల్లోకి వచ్చింది. 1715లో జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ అనే ప్రభువు కార్ల్స్‌రూహె ఊరు కట్టించాడు. కోట నడుమ, వీధులు దానినుంచి విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని ఉంటాయి. ఆ ఊళ్లోనే 1785లో కార్ల్ డ్రైస్ పుట్టాడు, పెద్దింటి బిడ్డ, బ్యారన్ బిరుదున్నవాడు. 1817లో రెండు చక్రాలు ఒకదాని వెనక ఒకటి బిగించి, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయే బండి చేశాడు. మన సైకిలుకు అదే ముత్తాత. 1849లో ప్రజలు రాజులమీద తిరగబడినప్పుడు డ్రైస్ తన బిరుదు వదులుకున్నాడు. నేను ఉత్త కార్ల్ డ్రైస్‌ని, అందరిలాంటి పౌరుణ్ణి అన్నాడు. తిరుగుబాటు అణిగిపోయాక ఆయన పింఛను లాక్కున్నారు. 1851లో పేదరికంలోనే పోయాడు. బిరుదు పోగొట్టుకున్నాడని జాలిపడకండి. ఆ పేరుకు మొదట ఏ అర్థం ఉందో, దాని ప్రకారం బతికినవాడు ఆయన.

అదే ఊరి అంచున 1844లో పుట్టిన కార్ల్ బెంజ్ మోటారుబండికి 1886లో పేటెంటు తీసుకున్నాడు. వియన్నాకు చెందిన కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తంలో గ్రూపులు ఉన్నాయని తేల్చాడు. మొన్న అత్తయ్యకు రక్తం ఎక్కించేముందు ఆసుపత్రిలో చూసిన గ్రూపు ఆయన చలవే. ట్రియర్ ఊరి కార్ల్ మార్క్స్ పేరు మన దగ్గర పొలాల్లో కూలీలకు కూడా తెలుసు.

1900 ప్రాంతంలో జర్మనీలో ఏ వీధిలో కేకేసినా ఒక కార్ల్ పలికేవాడు. తర్వాత కార్ల్‌హైన్స్ అని జంటపేరుగా కొన్నాళ్లు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తగ్గుతూ వచ్చి, నేనక్కడ ఉన్న రోజుల్లో అది ముసలివాళ్ల పేరైపోయింది. ఉయ్యాలలో పిల్లవాణ్ణి కార్ల్ అని పిలవడం నేను వినలేదు. ఇప్పుడు మళ్లీ పెడుతున్నారు, తూర్పు జర్మనీలో మరీ ఎక్కువగా. చిన్నదాని క్లాసులో ఇద్దరు ఉన్నారంటే అందుకే.

చక్రవర్తిని తలుచుకుని ఈ పేరు పెట్టే తల్లిదండ్రులు ఇవాళ అరుదు. ఇంట్లో ముత్తాత ఫోటో కింద ఆ పేరు ఉంటుంది, అది బిడ్డకు పెడుతున్నారు. ఆ ముత్తాత వడ్రంగో, రైతో, రైల్లో బొగ్గు వేసినవాడో అయి ఉంటాడు. రాజులు పన్నెండు వందల ఏళ్లు మోసినా ఆ పేరును నిలబెట్టినవాళ్లు వీళ్లే. అమ్మలూ, సెలవులయ్యాక వెళ్లి ఆ ఇద్దరు కార్ల్‌లకీ చెప్పు, మీది ఎవరికీ తల వంచని రైతు పేరని మా తాత చెప్పాడని.