కప్పగల్లు మోగే రాళ్లు

కర్ణాటక రాష్ట్రం బళ్లారి జిల్లాలోని కప్పగల్లు గ్రామం దగ్గర, హిరేగుడ్డ అనే కొండ మీద ఉన్న నల్లటి డోలరైట్ గుండ్లను ‘మోగే రాళ్లు’ అంటారు. చిన్న గ్రానైట్ రాయితో కొడితే ఇవి గంటలా ఖంగుమంటాయి. వీటి చుట్టుపక్కల బండల మీద రాతితో పొడిచి చెక్కిన బొమ్మలు వందల కొద్దీ ఉన్నాయి. తెలుగు, కన్నడ కలిసి మాట్లాడే ఈ సరిహద్దు సీమలో తాళవాద్య చరిత్రకు దొరుకుతున్న అతి ప్రాచీన ఆనవాళ్లలో ఇవి ముఖ్యమైనవి.

రాయి మోగడానికి కారణం

హిరేగుడ్డ ప్రధానంగా గ్రానైట్ కొండ. దాన్ని చీల్చుకుంటూ నల్లని డోలరైట్ చార ఒకటి సాగుతుంది. డోలరైట్ బరువైన, సన్నని రేణువులున్న అగ్నిశిల. పగుళ్లు లేని గుండు కింది రాళ్లను ఒకటి రెండు చోట్ల మాత్రమే ఆనుకుని ఉంటే, దెబ్బ తగిలినప్పుడు కంపించడానికి దానికి వీలుంటుంది. నేలలో కూరుకుపోయిన రాయి అలా పలకదు. మోగే గుండ్ల మీద నున్నని గుంటలు కనిపిస్తాయి. అదే చోట పదే పదే కొట్టడం వల్ల పడినవి అవి.

కొండ చరిత్ర

దక్షిణ భారత నవీన శిలాయుగం సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1200 వరకు సాగింది. ఆ కాలపు పశుపాలకుల నివాసాలు హిరేగుడ్డ మీద, పక్కనే సంగనకల్లులో బయటపడ్డాయి. పేడ కాలగా మిగిలిన బూడిద దిబ్బ కప్పగల్లులోనూ ఉంది. ఈ డోలరైట్‌తోనే ఇక్కడివారు పెద్ద ఎత్తున రాతి గొడ్డళ్లు చేశారు. 19వ శతాబ్దం చివర భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ పనిముట్లను వివరించాడు. 1892లో హ్యూబర్ట్ నాక్స్ రాతిబొమ్మలను గుర్తించగా, ఫాసెట్ అనే పరిశోధకుడు అదే ఏడాది వాటి గురించి రాశాడు. 1948లో బి. సుబ్బారావు బళ్లారి శిలాయుగ సంస్కృతులపై గ్రంథం ప్రచురించారు. 1951లో గోర్డన్ అనే పరిశోధకుడు ఈ బొమ్మల గురించి వ్యాసం రాశాడు. తరవాత చాలాకాలం వీటిని పట్టించుకున్నవారు తక్కువ. లండన్, చెన్నైలలో దాచిన పాత ఛాయాచిత్రాలు దాదాపు వెలిసిపోయాయి. 2002 నుంచి పురావస్తు శాస్త్రవేత్త నికోల్ బోయివిన్ వీటిని మళ్లీ నమోదు చేశారు. బొమ్మలతో పాటు రాళ్ల ధ్వనినీ పరిశీలించి 2004లో ‘యాంటిక్విటీ’ పత్రికలో వెల్లడించారు. ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్ ఈ ప్రాంతపు తవ్వకాల్లో కీలకపాత్ర వహించారు.

బొమ్మ, దెబ్బ, లయ

బొమ్మల్లో ఎక్కువ భాగం పొడవాటి కొమ్ములు, మూపురం ఉన్న ఎద్దులు. మనుషుల రూపాలూ ఉన్నాయి. ఎండకూ వానకూ నల్లబడిన బండ పైపొరను రాతితో పొడిస్తే లోపలి లేతరంగు బయటపడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అదీ నల్లబడుతుంది. కాబట్టి బండతో దాదాపు కలిసిపోయిన ఎద్దు పాతదనీ, తెల్లగా కనిపించేది ఇటీవలిదనీ చూడగానే పోల్చుకోవచ్చు. కొన్ని బొమ్మలు అందరాని ఎత్తులో, వేలాడితే తప్ప చెక్కలేని చోట ఉన్నాయి. గొడ్డలి చెక్కినా, ఎద్దును పొడిచినా, గుండును మోగించినా చేసే పని ఒక్కటే: రాతితో రాతిని కొట్టడం. శ్రమ, చిత్రం, లయ మూడూ ఒకే చేతి దెబ్బలోంచి పుట్టిన అరుదైన చోటు కప్పగల్లు. ఆఫ్రికాలోనూ ఇలాంటి రాళ్లున్నాయి. నైజీరియాలోని బిర్నిన్ కుడు మోగే రాళ్లను పురావస్తు శాస్త్రవేత్త బెర్నార్డ్ ఫాగ్ 1956లో ప్రకటించాడు. అక్కడా రాతిచిత్రాలు వాటి దగ్గరే ఉన్నాయి.

ఈ సీమ వాద్యాలు, ఆటలు

రాతియుగపు మోతకూ నేటి వాద్యాలకూ నేరుగా వారసత్వం కలపలేం. మందల వెంట బతికినవారి దైవసేవలో వాద్యమూ అడుగూ విడిపోకపోవడం మాత్రం నేటికీ ఇక్కడ చూడవచ్చు. గొర్రెల కాపరులైన కురుబలు తమ దైవం బీరప్పను కొలుస్తూ పెద్ద డొళ్లు మెడకు తగిలించుకుని, వాయిస్తూనే గుండ్రంగా తిరిగి ఆడతారు. మైలార లింగని భక్తులైన గొరవయ్యలు నల్ల కంబళి కప్పుకుని, డమరుకం, పిల్లనగ్రోవి పట్టి ఆడతారు. కర్నూలు, బళ్లారి ప్రాంతాలు రెండింటా వీరున్నారు. ఈ సీమకు దూరంగా ఓరుగల్లులో కూడా మైలారదేవుని ముందు గొరగపడుచులు ఆడిన ఆటను ‘క్రీడాభిరామం’ అనే పాత తెలుగు కృతి వర్ణించింది. అనంతపురం వైపు ఉరుముల నృత్యంలో వాద్యానికి ఒక వైపు కొడుతూ, మరో వైపు వంకర పుల్లతో రాసి గర్జన పుట్టిస్తారు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి, బళ్లారి మైసూరులోకి వెళ్లినా ఈ ఆటలు మాత్రం సరిహద్దుకు ఇరువైపులా సాగుతూనే ఉన్నాయి.

పరిరక్షణ

గ్రానైట్ క్వారీల వల్ల ఈ కొండకు ముప్పు ఉందని పరిశోధకులు 2004లోనే హెచ్చరించారు. బొమ్మను ఫొటో తీసి దాచుకోవచ్చు, గొడ్డలిని మ్యూజియంలో పెట్టుకోవచ్చు. మోగే గుండు సంగతి వేరు. దాని ధ్వని అది ఆనుకున్న తీరు మీద ఆధారపడింది గనుక కదిలిస్తే పాడవుతుంది. అందువల్ల విడి రాళ్లను కాక కొండ మొత్తాన్ని కాపాడితేనే ఈ వాద్యం మిగులుతుంది.