హార్మోనిక్స్ ఎక్కడికి పోయాయి?

ఇన్వర్టర్‌తో నడిచే మోటార్ల చరిత్రను చాలామంది స్విచ్‌ల కథగా చెబుతారు. 1957లో జనరల్ ఎలక్ట్రిక్‌లో థైరిస్టర్ వచ్చింది, తర్వాత జీటీఓ, ఆపైన ఐజీబీటీ. స్విచ్ వేగం పెరిగినకొద్దీ కరెంటు నునుపుదేలింది అంటారు. ఇది సగం నిజమే. అసలు మలుపు 1964లో వచ్చింది, అదీ కాగితం మీద. అప్పటి ఇన్వర్టర్ సైకిల్‌కు ఆరు మెట్ల వోల్టేజీని ఇచ్చేది. అందులో ఐదో హార్మోనిక్, అంటే ఐదు రెట్ల ఫ్రీక్వెన్సీతో ఊగే తరంగం, మూల తరంగంలో ఐదో వంతు, ఏడోది ఏడో వంతు. ఐదోది మోటారులో ఎదురు తిరుగుతుంది, ఏడోది వెంటే తిరుగుతుంది. రెండూ కలిసి షాఫ్ట్ మీద సరఫరా ఫ్రీక్వెన్సీకి ఆరు రెట్ల కుదుపు పుట్టిస్తాయి. 50 హెర్ట్జ్ దగ్గర అది 300 హెర్ట్జ్ కాబట్టి రోటర్ బరువే దాన్ని మింగేస్తుంది. 2 హెర్ట్జ్ దగ్గర మాత్రం సెకనుకు 12 కుదుపులు. అప్పుడు మోటారు తిరుగుతున్నట్టు ఉండదు, తడబడుతూ అడుగులేస్తున్నట్టు ఉంటుంది.

ఆ ఏడాది బ్రౌన్ బోవెరి ఇంజినీర్లు షోనుంగ్, స్టెమ్లర్ ఒక పద్ధతి ప్రకటించారు. కావలసిన సైన్ తరంగాన్ని వేగంగా ఊగే త్రిభుజ తరంగంతో పోల్చి, రెండూ దాటుకున్న ప్రతిచోటా స్విచ్ మార్చాలి. సమాచార ప్రసార రంగం నుంచి ఎరువు తెచ్చుకున్న ఆలోచన ఇది. అదే ఏడాది అమెరికాలో టర్న్‌బుల్ మరో దారి చూపాడు. స్విచ్ మార్చే కోణాలను ముందే లెక్కగట్టి, ఎంచుకున్న హార్మోనిక్స్‌ను సున్నా చేయడం ఆయన పద్ధతి. పటేల్, హోఫ్ట్ 1973లో దాన్ని విస్తరించారు. వేగమైన స్విచ్ రాకపోతే ఇవన్నీ పుస్తకాల్లోనే మిగిలేవి కదా అంటే, మొదటి పద్ధతి విషయంలో ఒప్పుకోవలసిందే. టర్న్‌బుల్ దారికి మాత్రం సైకిల్‌కు కొన్ని కోతలు చాలు. వేడి భయంతో సెకనుకు కొన్ని వందల సార్లే స్విచ్ మార్చే భారీ డ్రైవ్‌లలో నేటికీ దాని అవసరం ఉంది.

ఇంతకీ తగ్గింది ఏమిటి? ఇన్వర్టర్‌లో ఒక్కో ఫేజు రెండే మట్టాల మధ్య ఊగినంతకాలం, ఎంత సన్నగా కోసినా దాని మొత్తం బలం మారదు. హార్మోనిక్స్ చావలేదు, ఊరవతలికి వెళ్లాయి. పైన ఎక్కడో, వైండింగ్ ఇండక్టెన్స్ కరెంటును పారనివ్వని ఫ్రీక్వెన్సీల్లో కాపురం పెట్టాయి. వోల్టేజీనే నిజంగా నునుపుచేసింది 1981లో జపాన్‌కు చెందిన నబాయే, తకహషి, అకాగి ప్రచురించిన మూడు మట్టాల ఇన్వర్టర్ అని నా అభిప్రాయం, ఎందుకంటే మధ్యలో ఒక మెట్టు చేరితే ప్రతి దూకుడూ సగమవుతుంది. ఆ దూకుడు సంగతి ఐజీబీటీ వచ్చాకే బాగా తెలిసొచ్చింది. పొడవాటి కేబుల్ చివర వోల్టేజీ రెట్టింపు దాకా ఎగసి కాయిల్ ఇన్సులేషన్‌ను కొట్టేది, బేరింగుల్లో కరెంటు పారి గుంటలు పడేవి. కరెంటు వక్రీకరణ అంకె చిన్నదైందని మురిసిపోయేవాళ్లు ఈ ఖాతాను చూడరు. డ్రైవ్ కొనేటప్పుడు ఆ అంకెతోపాటు కేబుల్ ఎంత పొడవు వెళ్లవచ్చో కూడా అడగాలి. అమెరికా నేమా ఎంజీ-1 ప్రమాణంలోని 31వ భాగం, 600 వోల్టుల లోపు ఇన్వర్టర్ మోటార్ల ఇన్సులేషన్ రేటెడ్ వోల్టేజీకి 3.1 రెట్ల శిఖరాన్ని తట్టుకోవాలని అడుగుతుంది.