చిన్న సోషల్ నెట్‌వర్క్‌లో మీ డేటాకు బాధ్యులెవరు?

హనుమకొండలో నలుగురు మిత్రులు సర్వర్ అద్దెకు తీసుకుని, వరంగల్ వాసుల కోసం మాస్టోడాన్ నెట్‌వర్క్ మొదలుపెట్టారనుకుందాం. మీరు ఈమెయిల్ ఇచ్చి చేరారు. రేపు ఆ సర్వర్ హ్యాక్ అయితే ఎవరిని అడగాలి?

ఏమిటీ మాస్టోడాన్?
2016లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. ఒక సర్వర్‌లో ఉన్నవారు మరో సర్వర్‌లోని వారిని ఫాలో కావచ్చు. అన్నిటికీ కలిపి ఒకే యజమాని ఉండరు. 2019 నవంబరులో ట్విటర్‌పై అసంతృప్తితో మన దేశంలో చాలామంది ఇందులో చేరారు.

చిన్న నెట్‌వర్క్‌కూ చట్టం వర్తిస్తుందా?
వర్తిస్తుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం-2023లో ‘ఇంతమంది యూజర్లు ఉంటేనే’ అన్న షరతు లేదు. మీ డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారే బాధ్యులు. అది కంపెనీయే కానక్కర్లేదు, వ్యక్తి అయినా సరే. సొంత, ఇంటి అవసరాలకైతే మినహాయింపు ఉంది. కానీ ఊరందరికీ తెరిచిన సర్వర్‌ను ఇంటి వ్యవహారం అనడం కష్టం. స్టార్టప్‌ల వంటి వాటికి కొన్ని సెక్షన్ల నుంచి కేంద్రం మినహాయింపు ఇవ్వొచ్చు.

నిర్వాహకులు ఏం చేయాలి?
- ఏ డేటా, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి అనుమతి తీసుకోవాలి.
- 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.
- డేటా లీకైతే మీకు, డేటా ప్రొటెక్షన్ బోర్డుకు వెంటనే చెప్పాలి. పూర్తి వివరాలు 72 గంటల్లో బోర్డుకు ఇవ్వాలి.
- భద్రతలో విఫలమైతే జరిమానా గరిష్ఠంగా రూ.250 కోట్లు. తప్పు తీవ్రతను బట్టి బోర్డు ఎంతో నిర్ణయిస్తుంది.

ఎప్పటి నుంచి?
2025 నవంబరులో నిబంధనలు నోటిఫై అయ్యాయి. వాటి ప్రకారం ఈ బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పటి నుంచి మీ ఫిర్యాదు ముందు నిర్వాహకులకే ఇవ్వాలి. పరిష్కారం కాకపోతే బోర్డుకు వెళ్లొచ్చు.

చట్టం చేయలేనిది
మీరు పోస్టు డిలీట్ చేస్తే, తీసేయమని మిగతా సర్వర్లకూ సందేశం వెళ్తుంది. అవన్నీ తీసేస్తాయన్న గ్యారంటీ లేదు. మీరే బహిరంగంగా పెట్టిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. ప్రైవేటు మెసేజ్‌లకు వాట్సాప్‌లోలా ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. నిర్వాహకులు తలచుకుంటే చదవగలరు.

అందుకే చేరేముందు నిర్వాహకులెవరో, ప్రైవసీ పాలసీలో ఏముందో చూడండి. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఆధార్ ఫొటో మాత్రం మెసేజ్‌లో కూడా పంపకండి.