పేరు ఖరీదు ఎన్ని బైట్లు?

కంప్యూటర్ల చరిత్ర రాసినవారు యంత్రాల గురించీ, వాటిని తయారుచేసిన సంస్థల గురించీ ఎక్కువగా రాశారు. ఆ యంత్రాల మీద ప్రోగ్రాములు రాసినవారు తమ చలరాశులకు ఏ పేర్లు పెట్టుకున్నారన్నది అంత ముఖ్యమైన విషయంగా కనిపించదు. 1980ల నాటి బేసిక్ ప్రోగ్రాములు చదువుతున్నకొద్దీ నాకు మాత్రం ఆ పేర్లలోనే ఒక చరిత్ర ఉన్నదనిపించింది. చలరాశి అంటే ఒక విలువను దాచుకునే చోటు. దానికి పెట్టిన పేరుకు కూడా మెమరీలో చోటు కావాలి. ఆ కాస్త చోటు కోసం మనుషులు దేన్ని వదులుకున్నారో చెప్పాలని ఈ ప్రయత్నం.

1981లో బ్రిటన్‌లో వెలువడిన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్81లో మెమరీ 1 కిలోబైటు, అనగా 1024 బైట్లు. అందులో 125 బైట్లు యంత్రం తన సొంత అవసరాలకు ఉంచుకునేది. తెరమీది అక్షరాలూ, ప్రోగ్రామూ, చలరాశులూ మిగిలినదానిలోనే సర్దుకోవాలి. పైగా ప్రోగ్రాములో ఒక సంఖ్య రాస్తే, దాని పక్కనే యంత్రం మరో 6 బైట్లు వాడుకునేది. 1 అని రాస్తే 7 బైట్లు ఖర్చు! అందుచేత ఆరితేరినవారు 1కి బదులు ‘ఎస్‌జిఎన్ పై’ అనీ, 0కి బదులు ‘నాట్ పై’ అనీ రాసేవారు. వృత్తగణితంలోని ‘పై’ ధనసంఖ్య కనుక మొదటి ఆజ్ఞ 1 ఇస్తుంది. అది సున్న కాదు కనుక రెండవది 0 ఇస్తుంది. ఒక్కొక్క ఆజ్ఞాపదం ఒక్క బైటులో ఇమిడేది కాబట్టి 7 బైట్ల పని 2 బైట్లతో తీరేది. పిండికొద్దీ రొట్టె!

1982 నాటి కొమొడోర్ 64 ఇంతకంటే విశాలం. స్విచ్ వేయగానే బేసిక్‌కు 38911 బైట్లు ఉన్నాయని తెర చెప్పేది. అయితే చలరాశికి ఎంత పొడవు పేరు పెట్టినా మొదటి రెండు అక్షరాలనే అది గుర్తించేది. ‘కౌంట్’, ‘కాలమ్’ అనే రెండు పేర్లూ ఇంగ్లీషులో సి, ఓ లతో మొదలవుతాయి కనుక, దాని దృష్టిలో రెండూ ఒకటే. ‘టోటల్’ అని రాస్తే అందులోని మొదటి రెండక్షరాలను ‘టు’ అనే ఆజ్ఞగా భావించి తప్పు చూపేది. పూర్ణాంకాల చలరాశి పొదుపని అనుకుంటాము గాని, విడి చలరాశి ఏ సంఖ్యదైనా 7 బైట్లే పట్టేది. వరుస పట్టికలలో మాత్రమే పూర్ణాంకం 2 బైట్లతో, దశాంశం 5 బైట్లతో సరిపెట్టుకునేవి.

ఇక బీబీసీ మైక్రో. 1981లోనే వచ్చిన ఈ యంత్రానికి బేసిక్ రాసినవారు సోఫీ విల్సన్. పేరులోని అక్షరాలన్నిటినీ గుర్తించే బేసిక్ అది. ఆజ్ఞలన్నీ పెద్ద అక్షరాలలోనే ఉండేవి కనుక, చిన్న అక్షరాలతో పేర్లు పెట్టుకుంటే వాటితో పేచీ ఉండేది కాదు. కాని ఈ ఔదార్యానికి ఖరీదు ఉన్నది. పేరు వాడిన ప్రతిచోటా పూర్తిగా ప్రోగ్రాములో నిలిచిపోయేది. పది అక్షరాల పేరు యాభైసార్లు వస్తే 500 బైట్లు. ‘ఎ శాతం’ వంటి రెండక్షరాల పేరైతే 100. మోడల్ బిలో 32 కిలోబైట్లున్నా, రంగుల బొమ్మల తెరకు 20 కిలోబైట్లు పోయేవి. టేపుతో పనిచేసేవారికి మిగిలేది 8704 బైట్లు. డిస్కు పెట్టుకున్నవారికి 5888.

అందులోనే ఒక చక్కని ఏర్పాటు కూడా ఉన్నది. ఎ నుంచి జెడ్ వరకు శాతం గుర్తుతో 26 పూర్ణాంక చలరాశులకు మెమరీలో స్థిరనివాసం, ఒక్కొక్కదానికి 4 బైట్లు. వెతికే పని లేదు కనుక వేగం ఎక్కువ. ప్రోగ్రామును చెరిపివేసినా వాటి విలువలు చెరగవు. ఒక ప్రోగ్రాము ముగిసి మరొకటి టేపు నుంచి వస్తే, మొదటిది అప్పగించిన విలువలను రెండవది వాటిలోంచి అందుకునేది.

1984-85లో మన కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం కింద ఎంపికైన పాఠశాలలకు వచ్చినవి ఈ బీబీసీ మైక్రోలే. ఈ ఇరుకు లెక్కలు మన దేశపు విద్యార్థులకూ ఆ విధంగా చేరాయి.

ఈ పొదుపు వల్ల కలిగిన నష్టం తరువాత చదివేవారిది. ఆనాటి ప్రోగ్రాములెన్నో ఈనాటికీ నడుస్తాయి. కాని వివరణ వాక్యాలు బైట్ల కోసం తీసివేయబడ్డాయి; పేర్లు ఒంటి అక్షరాలయ్యాయి. ‘కె శాతం’ మిగిలిన ప్రాణాల లెక్కో, శత్రువు వేగమో ప్రోగ్రాము చెప్పదు. ప్రతి వాక్యాన్నీ వెంటాడి మనమే తేల్చుకోవాలి. పని మిగిలింది, దాని వెనుక ఆలోచన మిగలలేదు.

నేటి వెబ్ పుటల ప్రోగ్రాములలోనూ పేర్లను ఒంటి అక్షరాలకు కుదించే పద్ధతి ఉన్నది. అయితే ఆ పని చేసేది యంత్రం. రాసినవాని అసలు ప్రతి అతని వద్ద భద్రంగా ఉంటుంది. 1980లలో ఆ కుదింపు ఎక్కువగా మనిషి చేతితోనే, తరచు ఉన్న ఒక్క ప్రతిలోనే జరిగింది. పాత ప్రోగ్రాములను భద్రపరచేవారు టేపులతోపాటు, ఏ అక్షరం దేనికి నిలిచిందో రాసుకున్న నోటుపుస్తకాలను కూడా దాచగలిగితే, రాబోయే చరిత్రకారుడికి అంతకు మించిన మేలు లేదు.