అభ్యంగనము: రాయల సాము నుండి నేటి పరిశోధన వరకు

గుంటూరుకు పడమట, నల్లరేగడి చేలకు ఎగువన కొండవీటి దుర్గము ఉన్నది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దీనిని గజపతుల నుండి గెలుచుకొన్నాడు. ఆ తరువాత కొద్ది ఏండ్లకు, సుమారు 1520 ప్రాంతమున, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరమునకు వచ్చి, చూచినవీ విన్నవీ వ్రాసిపెట్టినాడు. రాబర్ట్ సూయెల్ 1900లో ఆ రచన ఇంగ్లీషు అనువాదమును ప్రకటించినాడు. అందులో ఉత్సవాల వర్ణనతో పాటు రాయల దినచర్య కూడ కలదు.

రాయలు తెల్లవారక ముందే ముప్పాతిక పింటు నువ్వుల నూనె త్రాగేవాడట. ఒళ్లంతా అదే నూనె పట్టించుకొని, నడుమునకు చిన్న గుడ్డ మాత్రము కట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడు. పిమ్మట కత్తిసాము. నూనె అంతా చెమటతో బయటకు వచ్చేదాకా ఆ సాము ఆగేది కాదు. ఆ మీదట మల్లులలో ఒకనితో కుస్తీ, తరువాత తెల్లవారేవరకు మైదానములో గుర్రపుస్వారి. స్నానము అన్నిటికీ చివర.

ఇందులో నూనె త్రాగుట మాత్రము అనుకరించదగినది కాదు. ఆ కొలత 400 మిల్లీలీటర్లకు పైమాట. దానిలోనే సుమారు 3,500 కాలరీలు ఉంటవి. అంత సాము చేయనివాడు అంత నూనె త్రాగితే ఏమవుతుందో విద్యార్థులే లెక్క కట్టవచ్చు. మనము గమనింపవలసినది ఆ పనుల వరుస.

ఈ వరుస రాయలు కల్పించుకొన్నది కాదు. సుమారు ఏడవ శతాబ్దము నాటిదని ఎంచే వాగ్భటుని అష్టాంగహృదయములో దినచర్యకు ఒక అధ్యాయమే ఉన్నది. ముందు అభ్యంగనము, తరువాత వ్యాయామము, ఆ మీదట ఒళ్లు పిసుకుట, నలుగు, చివరకు స్నానము: ఇదీ అందలి క్రమము. తలకు, చెవులకు, అరికాళ్లకు నూనె విశేషముగా పట్టించమన్నాడు. ఒళ్లు పిసుకుట సుఖముగా ఉండవలెనన్నాడు. ఎంత నొప్పి పుడితే అంత గుణమని నేటికీ నమ్మేవారు ఈ మాట గుర్తుంచుకొనుట మంచిది. అంతేకాదు, అజీర్ణముతో ఉన్నవారికి, కఫవ్యాధి గలవారికి, వమన విరేచనాదులు చేయించుకొన్నవారికి అభ్యంగనము కూడదన్నాడు. అంటే మర్దన అందరికీ అన్నివేళలా మంచిదని ఆ శాస్త్రము ఎన్నడూ చెప్పలేదు.

అంతకు పూర్వమే చరకసంహిత అభ్యంగనపు మేలును నూనె పట్టిన కుండతో, తోలుతో, బండి ఇరుసుతో పోల్చినది. కందెన పెట్టని ఇరుసు ఎట్లా మూలుగుతుందో ఎరిగిన గుంటూరు, ఒంగోలు సీమల రైతుకు ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు.

పగలంతా నడుము వంచి పత్తి ఏరినవారికి సాయంత్రము నడుముకు నూనె రాచి వేన్నీళ్లు పోస్తే హాయిగా ఉంటుంది. ఇక్కడ మిరపను గూర్చి ఒక మాట. మిరప అమెరికా ఖండపు మొక్క. పేస్ దేశస్థుల ఓడలే దానిని మన తీరమునకు తెచ్చినవి. కాయలోని మంట పుట్టించే పదార్థము పేరు కాప్సైసిన్. అది నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందువల్ల కాయలు కోసిన చేతులను వట్టి నీటితో కడిగితే మంట పోదు. ముందు నూనె రాచి, తుడిచి, తరువాత సబ్బుతో కడగవలెను. అట్లా కడగకుండ ఆ చేతులతో మరొకరి ఒళ్లు పట్టితే ఆ మంట వారికీ అంటుకొంటుంది.

ఐరోపాలో మర్దనను వ్యాయామముతో జోడించి క్రమపరచినవారు స్వీడనువారు. పేర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాలయము స్థాపించినాడు. 1894లో లండనులో శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘము ఏర్పడినది. బ్రిటనులో నేటి ఫిజియోథెరపీ వృత్తికి మూలము అదే.

అలసిన కండరములలో చేరిన లాక్టిక్ ఆమ్లమును మర్దన తరిమివేస్తుందని చాలాకాలము పుస్తకాలలో వ్రాసినారు. అది నిజము కాదు. వ్యాయామము ఆపిన తరువాత సుమారు ఒక గంటలో ఆ ఆమ్లము దానంతటదే తగ్గిపోతుంది. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు 11 మంది యువకులచేత అలసిపోయేదాకా సైకిలు త్రొక్కించి, ఒక కాలికి మాత్రమే 10 నిమిషాలు మర్దన చేయించి, రెండు కాళ్ల కండరముల నుండి చిన్న ముక్కలు తీసి పరీక్షించినారు. లాక్టిక్ ఆమ్లములో తేడా కనిపించలేదు. కాని మర్దన చేసిన కాలిలో వాపును రేపే సంకేతములు తగ్గినవి. పదకొండు మందిని చూచి చివరి మాట చెప్పరాదు. అయినా శ్రమ చేసిన తరువాత ఒళ్లు పిసకమన్న వాగ్భటుని క్రమములో అర్థమున్నదని ఈ పరీక్ష సూచించుచున్నది.

పాఠశాలలలో ముఖ్యముగా తెలియవలసిన విషయము వేరొకటి. కబడ్డీ ఆటలో పిల్లవాడు పడి మోచేయి వాచినదనుకొందాము. వెంటనే ఎవరో నూనె తెచ్చి గట్టిగా రాచి, చేతిని లాగి సరిచేయబోతారు. మోచేతి దగ్గర ఎముక విరిగినా, కీలు తప్పినా, ఇట్లా రాచుట వల్ల చెదిరిన కండరములో క్రొత్త ఎముక పుట్టవచ్చు. అప్పుడు చేయి వంగదు, చాగదు. దీనిని వైద్యులు మయోసైటిస్ ఆసిఫికన్స్ అంటారు. కనుక చేతిని కదలించకుండ గుడ్డతో మెడకు వ్రేలాడగట్టి, వైద్యుని వద్దకు తీసికొనిపోయి ఎక్స్‌రే తీయించవలెను. అట్లే వాచి, వేడిగా ఉండి, ముట్టుకొంటే నొప్పి పుట్టే పిక్కను పిసకరాదు; లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టి ఉంటే ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయి ప్రాణము తీయగలదు.

ఎముక అతికినదని వైద్యుడు చెప్పిన తరువాత కూడ పిల్లవాని మోచేతిని ఇతరులు లాగి వంచకూడదు. నొప్పి పుట్టనంత మేరకు, రోజుకు కొంచెము చొప్పున, అతడే తన బలముతో వంచి చాచుకొనవలెను.